చార్ల్స్ హాహీ లెక్కలో చెల్లుకు చెల్లు కుదరదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఐర్లండ్ మాజీ ప్రధాని చార్ల్స్ హాహీ పుట్టి 2025 సెప్టెంబరు 16కు నూరేళ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకుని మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. ఆయన తెలివితేటలనూ సంస్కరణలనూ వ్యాసకర్త ఎంతో శ్రద్ధగా వివరించారు. అయితే అవినీతి ప్రస్తావనను రెండు వాక్యాలలో ముగించి, తింటే తిన్నారు గానీ దేశానికి పని చేసి పెట్టారు అన్న అర్థం వచ్చే మాటతో వ్యాసాన్ని ముగించారు. గుంటూరులో ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఛార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ చివరి మాట దగ్గర మనసు నిలవలేదు. మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆమె దగ్గర ఉండిన నెలల్లో హాహీ ఆర్థిక వ్యవహారాలపై విచారణ జరిపిన మోరియార్టీ ట్రైబ్యునల్ నివేదికను ఒక ఆడిటరు సాటి ఆడిటరు నివేదికను చదివినట్లు పేజీ తరువాత పేజీ చదివాను. ఆ చదువు ఇచ్చిన ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా జమ వైపు చూస్తాను, ఎందుకంటే అది చిన్నది కాదు. హాహీ మేయో కౌంటీలోని కాసిల్‌బార్‌లో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొని, ఆ తరువాత సైన్యంలో పనిచేసిన తండ్రి నరాల జబ్బుతో మంచాన పడగా, డబ్లిన్ శివారులోని డానీకార్నీలో చాలీచాలని పింఛనుతో ఆ కుటుంబం గడిపింది. ఆ ఇంటి పిల్లవాడు స్కాలర్‌షిప్పు మీద చదివి, వాణిజ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఛార్టర్డ్ అకౌంటెంటై, న్యాయవాద పట్టా కూడా సంపాదించి, 1957లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అప్పటికే ఆయన సీన్ లెమాస్‌కు అల్లుడు. 1959లో ప్రధాని అయిన లెమాస్ తన అల్లుడికి పదవి ఇవ్వడం మామగారి ప్రేమ వల్లనే అని ఎవరైనా అనుకుని ఉంటే, 1961లో న్యాయశాఖ చేతికి వచ్చిన తరువాత ఆయన చేసిన పని చూసి ఆ అభిప్రాయం మార్చుకుని ఉండాలి.

ఆ పనులలో వారసత్వ చట్టం ముఖ్యమైనది. అప్పటివరకు ఐర్లండ్‌లో ఒక రైతు తన పొలమూ ఇల్లూ మొత్తాన్ని వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చేయవచ్చు. నలభై ఏళ్లు ఆ పొలంలోనే రెక్కలు ముక్కలు చేసుకున్న భార్యకు ఒక్క గజం నేలైనా దక్కాలన్న నియమం లేదు. వీలునామాలో ఏమి రాసి ఉన్నా, పిల్లలు లేకపోతే సగం, పిల్లలుంటే మూడో వంతు జీవిత భాగస్వామికి దక్కి తీరాలని కొత్త చట్టం నిర్దేశించింది. బిల్లు రూపుదిద్దుకున్నది హాహీ న్యాయశాఖలో ఉండగా. 1965లో అది చట్టమయ్యేనాటికి ఆ శాఖలో ఆయన వారసుడు బ్రయన్ లెనిహన్ ఉన్నారు. ఈ లెనిహన్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. వీలునామాల తగాదాలలో భర్త పోయిన ఆడవాళ్లు నా ఆఫీసు బెంచీ మీద కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవడం ఎన్నో ఏళ్లు చూసినవాణ్ణి కనుక, ఈ ఒక్క చట్టానికే ఆ మనిషికి చేతులెత్తి నమస్కరించగలను.

ఆర్థికమంత్రిగా 1966 నుంచి 1970 వరకు ఆయన చేసినవి కూడా మరువరానివి. వృద్ధాప్య పింఛనుదారులకు బస్సులలోనూ రైళ్లలోనూ ఉచిత ప్రయాణం, కరెంటు బిల్లులో రాయితీ ఆయన ప్రవేశపెట్టినవే. రచయితలు, చిత్రకారులు, స్వరకర్తలు తమ సృజన మీద ఆర్జించిన ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే నిబంధనను 1969 ఆర్థిక చట్టంలో చేర్చినవారూ ఆయనే. మా అమ్మాయి ఉండే వీధి నుంచి నగరంలోకి వెళ్లే బస్సులో పగటి వేళ ఎక్కేవారిలో చాలామంది తల నెరిసినవారే. మా పొరుగింటి పెద్దాయన ఒకరు తన పాసు చూపించి, ఇది చార్లీ ఇచ్చినదని, వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఆ మాటే చెప్పుకునేదని నాతో అన్నారు. ఆ స్వరంలోని కృతజ్ఞత నిజమైనదని నాకు తెలిసింది. నా లెక్కలో దానికి చోటు లేదని ఎవరూ అనుకోవద్దు.

ఉత్తర ఐర్లండ్‌కు ఆయుధాలు చేరవేసే ప్రయత్నంలో పాత్ర ఉందన్న ఆరోపణపై 1970 మేలో ప్రధాని జాక్ లించ్ ఆయనను మంత్రివర్గం నుంచి తొలగించారు. అదే ఏడాది అక్టోబరులో కోర్టు ఆయనను నిర్దోషి అని తీర్పు ఇచ్చింది. పదవి పోయిన హాహీ ఊరూరా తిరిగి, ఫియనా ఫాయిల్ పార్టీ కార్యకర్తల ఇళ్లలో భోజనాలు చేసి, మళ్లీ మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1979 డిసెంబరులో 38కి వ్యతిరేకంగా 44 ఓట్లతో పార్టీ నాయకత్వాన్నీ ఆ వెంటనే ప్రధాని పదవినీ దక్కించుకున్నారు. ఆయన పట్టుదల గురించి మీ వ్యాసకర్త రాసినదంతా సరైనదే.

ఇక ఖర్చు వైపు. దీనిని 1980 జనవరి నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఆ నెల 9వ తేదీ రాత్రి కొత్త ప్రధాని టెలివిజన్ తెర మీద కనిపించి, దేశం తన తాహతుకు మించి బతుకుతోందని, అప్పు చేసి ఖర్చు పెడుతున్నామని, బెల్టు బిగించక తప్పదని ప్రజలకు చెప్పారు. లెక్కల మనిషిగా చెబుతున్నాను, ఆర్థిక వ్యవస్థ గురించి ఆయన అన్న ప్రతి మాటా నిజమే. రెండు వారాలు తిరగకముందే, జనవరి 22న, జీతం చేతికి రాకముందే పన్ను కోతకు గురయ్యే ఉద్యోగులూ కార్మికులూ లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి, పన్ను భారమంతా తమ నెత్తినే ఎందుకని అడిగారు. ఆ దేశ చరిత్రలోనే అతి పెద్ద ప్రదర్శనలలో ఒకటిగా దానిని చెప్పుకుంటారు.

అదే రోజుల్లో ఆయన సొంత అప్పు సంగతి ఎలా ఉందో చూడండి. అలైడ్ ఐరిష్ బ్యాంకుకు హాహీ బాకీ పడ్డది 11 లక్షల 43 వేల పౌండ్లు. ప్రధాని అయిన కొద్ది వారాలలోనే ఆ బాకీని 7 లక్షల 50 వేల పౌండ్లకు తేల్చుకున్నారు. మరో 1 లక్షా 10 వేలను మాట మీద తీర్చే మర్యాద బాకీగా వడ్డీ లేకుండా ఉంచారు, అది ఎన్నటికీ తీరలేదు. మిగిలినదాన్ని బ్యాంకు వదులుకుంది. కట్టిన మొత్తంలో 3 లక్షల పౌండ్లు ప్యాట్రిక్ గ్యాలఘర్ అనే భవన నిర్మాణ వ్యాపారి ఇచ్చినవి. అంతకు నాలుగేళ్ల ముందు, చెక్కు పుస్తకాలు వెనక్కి ఇచ్చేయమని బ్యాంకు అధికారులు అడిగినప్పుడు, తనతో పెట్టుకుంటే చాలా ఇబ్బంది పడతారని హాహీ వారిని హెచ్చరించిన సంగతి ఆ బ్యాంకు సొంత నోట్‌లోనే నమోదై ఉంది. ఇంటిని తాకట్టు పెట్టి ఇరవై వేలు అప్పు తీసుకున్నవాడు ఒక్క వాయిదా తప్పితే గుమ్మం ముందుకు వచ్చి నిలబడే బ్యాంకులను నా వృత్తి జీవితమంతా చూశాను. బెల్టు బిగించండని చెప్పిన నోటికీ, బ్యాంకును బెదిరించిన నోటికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ సంస్కరణ పూడ్చగలదో నాకు తోచడం లేదు.

మీరు పత్రికవారు కనుక ఒక సంగతిని ప్రత్యేకంగా మీ దృష్టికి తెస్తున్నాను. 1983 జనవరిలో డబ్లిన్ నుంచి వెలువడే ఈవెనింగ్ ప్రెస్ అనే పత్రిక, హాహీ ఆ బ్యాంకుకు సుమారు 10 లక్షల పౌండ్లు బాకీ పడ్డారని రాసింది. బ్యాంకు ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేసి, ఆ వార్త వాస్తవానికి ఎంతో దూరమని గట్టిగా ఖండించింది. పత్రిక రాసినదే నిజమని, బ్యాంకు చెప్పినదే తప్పని దేశానికి తెలియడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో జరిగిన ప్రతి ఎన్నికలోనూ ఓటరు చేతిలో ఉండవలసిన కాగితం ఓటరు చేతిలో లేదు. పని చేసి పెట్టారు గనుక ప్రజలు క్షమించారు అనేవారికి నా జవాబు ఇది: ప్రజల ముందు ఆ లెక్క ఎవరూ పెట్టలేదు, తెలియని తప్పును క్షమించడం ఎవరికీ సాధ్యం కాదు.

1987కు వస్తే మళ్లీ జమ వైపు వెళ్లక తప్పదు. ఆ సంవత్సరం ఆయన మూడోసారి అధికారంలోకి వచ్చేనాటికి నిరుద్యోగం 17 శాతం దగ్గర ఉంది. చదువుకున్న యువత ఓడలూ విమానాలూ ఎక్కి ఇంగ్లండుకూ అమెరికాకూ వలసపోతోంది, జాతీయ రుణం దేశ వార్షికోత్పత్తిని దాటిపోయింది. మైనారిటీ ప్రభుత్వాన్ని నడుపుతూనే ఆయన ఆర్థికమంత్రి రే మెక్‌షారీ చేత ఖర్చులు కోయించారు. ప్రతిపక్ష నాయకుడు ఆలన్ డ్యూక్స్ దేశ ప్రయోజనం కోసమని ఆ కోతలకు అడ్డుపడలేదు. కార్మిక సంఘాలను, యజమానులను, రైతు సంఘాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, జీతాల పెంపుదలకు హద్దు పెట్టి, అందుకు బదులుగా పన్ను తగ్గించే మూడేళ్ల ఒప్పందాన్ని అదే ఏడాది అక్టోబరులో కుదిర్చారు. డబ్లిన్ రేవులో పాడుబడిన కస్టమ్ హౌస్ గోదాముల దగ్గర 10 శాతం కంపెనీ పన్నుతో అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రానికి పునాది పడినదీ అప్పుడే. 1990లలో ఐర్లండ్ ఎదిగిన తీరుకు ఈ నిర్ణయాలు దారి వేశాయని ఆయనను ద్వేషించేవారు కూడా ఒప్పుకుంటారు. మా అమ్మాయి రోజూ పనికి వెళ్లేది ఆ రేవు ఒడ్డునున్న అద్దాల భవనాలలో ఒకదానికే. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ తెలుగు మాటలు చెవిన పడతాయి. ఆ కూడు పెట్టిన నిర్ణయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడితే అది కృతఘ్నత అవుతుంది.

అయితే ఆ కోతలు ఎవరి ఒంటి మీద పడ్డాయన్నది కూడా రాయాలి. ఆరోగ్య రంగంలో కోతలు వృద్ధులకూ రోగులకూ వికలాంగులకూ బాధ కలిగిస్తున్నాయని 1987 ఎన్నికలలో గోడల మీద పోస్టర్లు అంటించినది హాహీ పార్టీయే. గెలిచాక ఆసుపత్రి పడకలు తగ్గించినదీ అదే ప్రభుత్వం. ఆ కాలంలోనే బెన్ డన్ అనే సూపర్ మార్కెట్ల యజమాని నుంచి ఆయనకు విడతలు విడతలుగా మొత్తం 13 లక్షల పౌండ్లు ముట్టాయి. 1991 నవంబరులో డన్ ఆయన ఇంటికి వెళ్లి, కల్పిత పేర్లతో తీసిన 70 వేల పౌండ్ల డ్రాఫ్టులు మూడింటిని జేబులోంచి తీసి చేతికి ఇచ్చిన సంగతి తరువాత సాక్ష్యంలో బయటపడింది.

ఇప్పుడు లెనిహన్ పేరు దగ్గరకు వస్తాను. వారసత్వ బిల్లును చట్టంగా చేసిన ఆ బ్రయన్ లెనిహన్, హాహీకి దశాబ్దాల సహచరుడు, 1989లో కాలేయ మార్పిడి కోసం అమెరికాలోని మేయో క్లినిక్‌కు వెళ్లవలసి వచ్చింది. మిత్రుడి వైద్యం కోసమని హాహీ పూనుకుని విరాళాలు సేకరింపజేశారు. వసూలైన మొత్తం 2 లక్షల 70 వేల పౌండ్ల దాకా ఉండవచ్చని, అందులో వైద్యానికి ఖర్చయినది సుమారు 70 వేలకు మించదని, మిగిలినదానిలో గణనీయమైన భాగాన్ని హాహీ సొంతానికి వాడుకున్నారని ట్రైబ్యునల్ తేల్చింది. నివేదికలో ఈ అధ్యాయం చదివిన సాయంత్రం నేను గ్రంథాలయం నుంచి లేచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు. శవం మీద పేలాలు ఏరుకోవడం అన్న మాట మన భాషలో ఉంది. బతికి ఉన్న స్నేహితుడి ఆపరేషను డబ్బు విషయంలో వాడడానికి ఏ మాట ఉందో నాకు దొరకలేదు. ఆ మరుసటి సంవత్సరమే, అధ్యక్ష ఎన్నికల ప్రచారం మధ్యలో, తన సంకీర్ణ ప్రభుత్వం నిలవడం కోసం ఆ లెనిహన్‌నే మంత్రివర్గం నుంచి తొలగించారు కూడా.

ఆ విరాళాల డబ్బు జమ అయినది పార్టీ నాయకుడి ఖాతాలో. ప్రతి పార్టీ నాయకుడికి పార్లమెంటు పని కోసం ప్రభుత్వ ఖజానా ఇచ్చే సొమ్మును ఉంచే ఖాతా అది. ప్యారిస్‌లోని షార్వే దుకాణంలో హాహీ కొన్న చొక్కాలకు 1991లో ఆ ఖాతా నుంచే వేల పౌండ్లు చెల్లించారు. ఆ ఖాతా చెక్కుల మీద ఇద్దరు సంతకం చేయాలి. రెండో సంతకందారు బెర్టీ అహెర్న్ పని సులువు కోసమని ఖాళీ చెక్కుల మీద ముందుగానే సంతకాలు చేసి ఇచ్చేవారు. రెండు సంతకాల నియమం పుట్టినదే ఒకరి చేతిని మరొకరు పట్టుకోవడానికి. ఖాళీ చెక్కు మీద సంతకం చేయవద్దని ఇంటర్ ఫెయిలైన గుమాస్తాకు కూడా మొదటి రోజునే చెబుతాం.

నా వృత్తికి తలవంపులు తెచ్చిన మరొకరి గురించి కూడా చెప్పాలి. హాహీ భాగస్వామిగా ఉన్న అకౌంటెన్సీ సంస్థలోనే శిక్షణ పొందిన డెస్ ట్రేనర్ తరువాత బ్యాంకరై, ధనవంతుల సొమ్ము కేమన్ దీవులలో ఉన్నట్లు కాగితాల మీద చూపిస్తూ, నిజానికి డబ్లిన్ బ్యాంకులోనే సంకేత సంఖ్యల చాటున నడిపే ఏర్పాటు చేశారు. అన్స్‌బాకర్ ఖాతాలుగా పేరుమోసినవి అవే. హాహీ ఇంటి బిల్లులన్నీ ఆ సొమ్ములోంచే తీరేవి. వాస్తుశిల్పి జేమ్స్ గాండన్ కాలం నాటి ఘనత గల అబ్బేవిల్ భవనం, దాని చుట్టూ విశాలమైన ఎస్టేటు, పందెపు గుర్రాలు, పడవ, పడమటి సముద్రంలో సొంత దీవి, వీటిలో ఏదీ ప్రధాని జీతంతో నడిచేది కాదని డబ్లిన్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంది. అడిగినవారికి మాత్రం ఆ ప్రశ్న సభ్యత కాదన్న జవాబే వచ్చేది. మోరియార్టీ లెక్క ప్రకారం 1979 నుంచి 1996 వరకు ఆయనకు అందిన మొత్తం 91 లక్షల పౌండ్లు. దేశం కష్టాలలో ఉండి, ఆయన ప్రభుత్వాలే పొదుపును బోధిస్తున్న కాలంలో ఇంత సొమ్ము పుచ్చుకోవడం ప్రజాస్వామ్యం విలువనే తగ్గించిందని ట్రైబ్యునల్ అభిప్రాయపడింది.

పుచ్చుకున్నారు గానీ ఎవరికీ ప్రత్యుపకారం చేయలేదు కదా అనే వాదన కూడా ఉంది. ఆయన స్వయంగా అదే చెప్పారు. ట్రైబ్యునల్ దానిని అంగీకరించలేదు. పన్ను వివాదంలో ఉన్న బెన్ డన్‌కు రెవెన్యూ శాఖ అధిపతితో సమావేశం ఏర్పాటు చేయించడం, పాస్‌పోర్టుల విషయంలో సాయానికి సంబంధించిన 50 వేల పౌండ్ల చెల్లింపు వంటివాటిని పరిశీలించి, ఇచ్చినదానికీ చేసినదానికీ మధ్య సంబంధాన్ని గుర్తించింది. డన్ ఇచ్చిన డబ్బు సంగతిని మొదట ఖండించిన హాహీ 1997 జూలైలో డబ్లిన్ కోటలో, ఆ చెల్లింపులపై అంతకుముందు విచారణ జరిపిన మెక్రాకెన్ ట్రైబ్యునల్ ఎదుట ఒప్పుకోవలసి వచ్చింది. విచారణకు అడ్డుపడ్డారన్న నేరారోపణపై కేసు, నిష్పాక్షిక విచారణకు వీలులేని వాతావరణం ఏర్పడిందని 2000లో నిలిచిపోయింది. 2003లో అబ్బేవిల్‌ను అమ్మి పన్ను శాఖకు 50 లక్షల యూరోలు కట్టారు. జైలు ముఖం మాత్రం చూడలేదు.

ఇంతకూ నేను చెప్పదలచినది ఒకటే. మా శాస్త్రంలో చెల్లుకు చెల్లు వేయడానికి ఒక షరతు ఉంది: బాకీ పడ్డవారూ బాకీ రావలసినవారూ రెండు వైపులా ఆ ఇద్దరే అయి ఉండాలి. రామయ్య నాకు ఇవ్వవలసిన దానిని నేను సుబ్బయ్యకు ఇవ్వవలసిన దానితో కొట్టివేయడానికి వీల్లేదు. వితంతువుకు వాటా ఇచ్చిన చట్టాన్ని హాహీ తన జేబులోంచి ఇవ్వలేదు, దేశం జీతమిచ్చి అప్పగించిన పనిని ప్రతిభతో చేశారు, అందుకు గౌరవం దక్కింది. బస్సు పాసుకు డబ్బు కట్టినది 1980లో వీధుల్లో నడిచిన ఆ జీతగాళ్లే. లెనిహన్ వైద్యానికి చందా ఇచ్చినవారు వేరు, ఆసుపత్రిలో పడక దొరకని రోగి వేరు. ఈ రోగికి పడ్డ బాకీని ఆ వితంతువుకు చేసిన మేలుతో తీర్చేశామని రాయడానికి ఏ ఆవర్జాలోనూ పద్దు లేదు. ఒక దేశం తన నాయకుడి రెండు ఖాతాలనూ విడివిడిగా, రెండింటినీ తెరిచి ఉంచి చూసుకోవాలే తప్ప, కలిపి నికరం తీయకూడదు. నికరం తీసిన చోట ప్రతిభ ఉన్నవారికి దొంగతనం చేసే హక్కు కొంత ఉందని ఒప్పుకున్నట్లవుతుంది.

ప్రతిభ లేకుంటే ఇంత సొమ్ము ఆయనకు ఎవరు ఇచ్చేవారు? ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా బాధిస్తుంది. దద్దమ్మ చేతిలో ఎవరూ డ్రాఫ్టులు పెట్టరు. ఆయన సమర్థతే ఆ అవినీతికి పెట్టుబడి అయింది. కాబట్టి ఒకదాన్ని చూపించి మరొకదాన్ని మాఫీ చేయమనడం, పెట్టుబడిని చూపించి అప్పు రద్దు చేయమని అడగడమే.

1992 ఫిబ్రవరిలో పదవి నుంచి దిగిపోతూ పార్లమెంటులో ఆయన, రాజ్యానికి తాను కొంత సేవ చేశానన్న పాత నాటక వాక్యాన్ని ఉదాహరించారు. 2006 జూన్ 13న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. సమాధి దగ్గర ఘనంగా నివాళి ప్రసంగం చేసినవారు అప్పటి ప్రధాని బెర్టీ అహెర్న్, ఆ ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసినవారే. చచ్చినవాడి కళ్లు చారెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ తరువాత ఆరు నెలలకు, 2006 డిసెంబరులో, ట్రైబ్యునల్ నివేదిక మొదటి భాగం వెలువడింది.

మన రాజ్యాంగ నిర్మాతలు ఆదేశిక సూత్రాలను ఐర్లండ్ రాజ్యాంగం నుంచి స్వీకరించారు. ఆ దేశం మనకు అపరిచితం కాదు, ఇప్పుడు మన పిల్లలెందరికో అది నివాసం కూడా. అందువల్ల ఆ దేశపు నాయకుడి గురించి మన పాఠకులకు అందే చిత్రం సగం కాకూడదన్నదే నా ఆరాటం. మీ వ్యాసకర్త శ్రమను నేను గౌరవిస్తున్నాను, ఆయన రాసిన జమ పద్దులలో ఒక్కటీ కొట్టివేయమని అడగడం లేదు. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే పరిమాణం అక్షరాలలో, 11 లక్షల 43 వేల పౌండ్ల బాకీ, 91 లక్షల పౌండ్ల కానుకలు, లెనిహన్ వైద్య నిధి సంగతులను కూడా వచ్చే ఆదివారం ప్రచురించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. నివేదికలో ఏయే అధ్యాయాలలో ఆ వివరాలు ఉన్నాయో నేను రాసిపెట్టుకున్న నోటు పుస్తకాన్ని, మీకు అవసరమైతే, స్వయంగా తెచ్చి మీ కార్యాలయంలో అందజేస్తాను.

భవదీయుడు,
విశ్రాంత ఛార్టర్డ్ అకౌంటెంట్,
గుంటూరు.